తయారీ కంపెనీలో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ పని ఎక్కడ మొదలుపెట్టాలి: హెడ్డాఫీసులోనా, మెల్టింగ్ షాపులోనా?

చర్లపల్లి_ఐటీ:

సభ్యులందరికీ నమస్కారం. మా కంపెనీ వాల్వు బాడీలు, పంపు కేసింగులు పోతపోసి, మెషినింగ్ చేసి, అసెంబుల్ చేసి అమ్ముతుంది. ఫౌండ్రీ ఒకచోట, మెషిన్ షాపు మరొకచోట, అసెంబ్లీ, టెస్టింగ్, డిస్పాచ్ ఇంకొకచోట ఉన్నాయి. ఫౌండ్రీకి చాలా ఏళ్ల కిందట రాయించుకున్న సాఫ్ట్‌వేర్ ఉంది. మెషిన్ షాపు ఎక్సెల్ షీట్ల మీద నడుస్తోంది. అకౌంట్స్, స్టోర్సు, ఇ-ఇన్‌వాయిసులు ఎస్‌ఏపీ కంపెనీవారి పాత వ్యాపార సాఫ్ట్‌వేర్ ఈసీసీలో ఉన్నాయి. ఆ ఈసీసీకి సాధారణ మెయింటెనెన్స్ 2027 చివరితో ముగుస్తుంది కాబట్టి దాని తరువాతి తరమైన ఎస్/4హానాకు మారక తప్పదనీ, మారేముందు కంపెనీ మొత్తానికి ఒక ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ (ఏ పని ఎక్కడ, ఏ సమాచారంతో, ఏ సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుందో చూపే పటం) సిద్ధం చేయాలనీ మా ఎండీ గారు నిర్ణయించి, ఆ బాధ్యతను నాకు అప్పగించారు.

నా ప్రశ్న ఇది. టోగాఫ్ (ఇలాంటి పటాలు తయారుచేయడానికి ఉన్న ప్రామాణిక పద్ధతి) వంటి దానిని అనుసరించి ముందుగా సూత్రాలు, నిర్ణయ సంఘం, కంపెనీ చేసే పనులన్నిటి పటం తయారుచేసుకుని ఆ తరువాత ప్లాంట్లలోకి దిగాలా? లేక ఒక ప్లాంటులో ఒక సమస్యను పట్టుకుని, దాని వెంట నడుస్తూ పటాన్ని పెంచుకుంటూ పోవాలా? మా కన్సల్టెంటు మొదటిదే మార్గమంటున్నారు. మా ప్లాంటు హెడ్లు అసలు ఈ పనే వద్దంటున్నారు.

నీలిముద్ర:

మొదటిదే సరైన మార్గం. బెంగళూరులో చాలాకాలంగా ఇదే వృత్తిలో ఉన్నవాడిగా నిశ్చయంగా చెబుతున్నాను. టోగాఫ్ 1995లో అమెరికా రక్షణ శాఖ వారి టాఫిమ్ అనే చట్రం ఆధారంగా వెలువడింది. దాని పద్ధతిలో బొమ్మలు గీయడానికి ముందే ఒక ప్రాథమిక దశ ఉంటుంది. ఈ పనిని ఎవరు కోరారు, పరిధి ఎంత, ఏ సూత్రాలకు కట్టుబడతాము, ఇద్దరు ప్లాంటు హెడ్లు విభేదించినప్పుడు తుది మాట ఎవరిది అన్నవి ఆ దశలోనే తేలాలి. 1987లో జాక్‌మన్ ప్రతిపాదించి, తరువాత విస్తరించిన ఆర్కిటెక్చర్ చట్రం కూడా ఏమిటి, ఎలా, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్న ప్రశ్నల మీదే నిలబడింది. అందులో "ఎవరు" అన్న ప్రశ్నను వదిలేసి "ఎలా" దగ్గర మొదలుపెట్టిన కంపెనీలు మధ్యలో ఆగిపోవడం నేను చూశాను.

తొందరపడితే ఏమవుతుందో 1999లో అమెరికాలోని హెర్షీ చాక్లెట్ కంపెనీ అనుభవం చెబుతుంది. ఈఆర్‌పీ (ఎస్‌ఏపీ లాంటి, కంపెనీ పనులన్నిటినీ కలిపే సాఫ్ట్‌వేర్), ప్లానింగ్, కస్టమర్ సాఫ్ట్‌వేర్ మూడింటినీ ఒకేసారి, అదీ హాలోవీన్ పండుగ ఆర్డర్లు వచ్చే వేళకు ప్రారంభించారు. సరుకు ఉండి కూడా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను సమయానికి పంపలేకపోయారు. కాబట్టి ముందుగా కంపెనీ మొత్తానికి ఒక వస్తువుకు ఒకే కోడ్, ఒకే కొలత యూనిట్ అన్న సూత్రాన్ని ఎండీ గారి సంతకంతో ప్రకటించండి.

మెల్ట్‌షాప్:

చర్లపల్లి గారూ, నేను ఫౌండ్రీ ప్రొడక్షన్‌లో పనిచేసేవాడిని, మీ ప్లాంటు హెడ్లు ఎందుకు వద్దంటున్నారో ఊహించగలను. నా సలహా చాలా చిన్నది. ఒక వాల్వు బాడీని తీసుకుని, ఫర్నేసులో ఛార్జి వేసిన దగ్గర నుంచి లారీ ఎక్కే దాకా దాని హీట్ నంబరు (ఫర్నేసులో ఒకసారి కరిగించిన లోహానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) వెంట నడవండి.

మీ కస్టమర్లలో కొందరైనా ఈఎన్ 10204 అనే యూరోపియన్ ప్రమాణం ప్రకారం 3.1 సర్టిఫికెట్ (లోహ పరీక్షా ఫలితాలను తయారీదారు ధృవీకరించే పత్రం) అడుగుతూ ఉంటారు. ఆ కాగితం మీద ఉన్న కార్బన్, సిలికాన్, మాంగనీస్ విలువలు లారీలో ఉన్న ఆ కాస్టింగ్‌వే అని చెప్పగలిగే ఆధారం హీట్ నంబరు ఒక్కటే. ల్యాబులో స్పెక్ట్రోమీటరు ఆ నంబరు మీద ఫలితం ఇస్తుంది, మౌల్డింగ్‌లో ఆ నంబరును కాస్టింగ్ మీద పడేలా పెడతారు, ఫెట్లింగ్‌లో (కాస్టింగ్‌ను శుభ్రం చేసి అదనపు లోహం తీసేసే చోట) అది మిగలాలి, మెషిన్ షాపులో నంబరు ఉన్న ముఖాన్ని కోసేస్తే మళ్లీ పంచ్ కొట్టాలి. ఎక్కడ కొట్టడం లేదో, ఏ షీట్‌లో రాయడం లేదో, ఏ సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేదో రాసుకుంటూ వెళితే, మీ కంపెనీ అసలు ఆర్కిటెక్చర్ ఆ కాగితం మీదకు వస్తుంది. హెడ్డాఫీసులో కూర్చుని గీసిన పటంలో ఫెట్లింగ్ బే ఎప్పుడూ ఉండదు.

ఇక ఒకే యూనిట్ అన్న మాట. ఫౌండ్రీ లెక్క కిలోల్లోనే ఉంటుంది, అది మారదు.

స్టోర్సు_రికార్డు:

ఎస్‌ఏపీలో ఒక మెటీరియల్‌కు బేస్ యూనిట్ ఒకటి పెట్టి, రెండో యూనిట్‌ను మార్పిడి నిష్పత్తితో ఇవ్వవచ్చు. దీనికి ఇంత చర్చ అవసరమని నాకు అనిపించడం లేదు.

మెల్ట్‌షాప్:

అవసరమే, స్టోర్సు గారూ. ఆ నిష్పత్తి స్టాండర్డ్ బరువు మీద నడుస్తుంది. ఇసుక మౌల్డు గోడ కొంచెం జరిగినా, ప్యాటర్న్ (మౌల్డు తయారుచేసే నమూనా) అరిగినా కాస్టింగ్ బరువు మారుతుంది. అంతకంటే ముఖ్యమైనది, నేను పోసే ద్రవలోహంలో కాస్టింగ్‌తో పాటు రన్నర్లు (లోహం పారే కాలువలు), రైజర్లు (గట్టిపడేటప్పుడు అదనపు లోహం అందించే నిల్వలు) కూడా ఉంటాయి. వాటిని కొట్టేసి తిరిగి ఫర్నేసులో వేస్తాను. ఎంత పోశాను, ఎంత మంచి కాస్టింగ్ వచ్చింది, ఎంత రిటర్న్‌గా వెనక్కి వచ్చింది అన్న ఈల్డ్ లెక్క కిలోల్లో తప్ప ఇంకెందులోనూ నిలవదు. నంబర్లలో, అంటే ఎన్ని కాస్టింగులన్న లెక్కలో చూస్తే ఆ లోహం అంతా లెక్కలోంచి మాయమవుతుంది.

నీలిముద్ర:

మెల్ట్‌షాప్ గారు చెప్పిన ఈల్డ్ లెక్క ఫౌండ్రీ లోపలి విషయం. దానిని ఫౌండ్రీ తన లోపల కిలోల్లోనే ఉంచుకోవచ్చు. కానీ గేటు దాటిన క్షణం నుంచి కాస్టింగ్ అనేది ఒక నంబరు. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కూ ప్లాంటుకూ మధ్య సమాచారం ఎలా నడవాలో చెప్పే ఐఎస్‌ఏ-95 ప్రమాణం ఈ హద్దునే గీసింది. నాలుగో లెవెల్‌లో వ్యాపార ప్లానింగ్, మూడో లెవెల్‌లో ఉత్పత్తి నిర్వహణ, దాని కింద యంత్రాల నియంత్రణ ఉంటాయి. మూడో లెవెల్ నుంచి నాలుగుకు వెళ్లే సమాచారం రెండువైపులా ఒకే అర్థంతో ఉండాలి. ఆ అర్థాన్ని ప్లాంటు హెడ్డు నిర్ణయించడానికి వీల్లేదు, కంపెనీ నిర్ణయించాలి.

మెల్ట్‌షాప్:

మా మూడో లెవెల్ ఒక రిజిస్టరు, ఒక వైట్‌బోర్డు, షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు సూపర్‌వైజర్లు నిలబడి మాట్లాడుకునే మాట. దానిని చూడకుండా అర్థం నిర్ణయించడం ఎలా సాధ్యమో చెప్పండి. హెర్షీ ఉదాహరణ కూడా నాకు మీ వాదానికి పనికొచ్చేదిగా కనిపించడం లేదు. అక్కడ ఆగిపోయింది డిస్పాచ్, అంటే నేల మీద జరిగే పని.

స్కాడా_ప్యానెల్:

ఒక్క మాట. ఏ సర్వరు ఆగితే ఏ లైను ఆగుతుందో ఒక కాగితం మీద గీయండి, మిగతాదంతా ఆ తరువాత. 2023 ఆగస్టులో టొయోటా జపాన్‌లోని 14 ప్లాంట్లను ఆపవలసి వచ్చింది. కారణం విడిభాగాల ఆర్డర్లు నడిపే సర్వర్లలో డిస్క్ స్థలం చాలకపోవడం.

నీలిముద్ర:

స్కాడా గారి సలహా మంచిదే, అయితే అది టెక్నాలజీ పొర మాత్రమే. చర్లపల్లి గారు అడిగింది మొత్తం గురించి.

మెల్ట్‌షాప్ గారికి ఒక మాట చెప్పదలచుకున్నాను. రిజిస్టరును చూడవద్దని నేను ఎక్కడా అనలేదు. కానీ ఆ రిజిస్టరు రాసే మనిషి సెలవు పెడితే ప్లాంటు ఏ హీట్ ఎక్కడికి వెళ్లిందో చెప్పలేని స్థితిలో ఉండటాన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు అర్థం కాదు. అది కంపెనీ సమాచారం. ఒక వ్యక్తి చేతిరాతలో బందీగా ఉండకూడదు.

మెల్ట్‌షాప్:

బందీ అన్న మాటను నేను ఒప్పుకోను. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో మీలాగే మాట్లాడిన బృందం వచ్చింది. మా షిఫ్టు రిజిస్టరును రద్దు చేసి, దాని స్థానంలో ఒక స్క్రీన్ ఇచ్చారు. ఆ స్క్రీన్‌లో హీట్ నంబరు ఉంది, రసాయన ఫలితం ఉంది, పోసిన ఉష్ణోగ్రత రాసే గడి లేదు, ల్యాడిల్ (ద్రవలోహం మోసే పాత్ర) ఎంతసేపు ఆగిందో రాసే గడి లేదు. ఎందుకు లేదని అడిగితే నాలుగో లెవెల్‌కు అది అవసరం లేదన్నారు. కొంతకాలానికి కోల్డ్ షట్లు (లోహం చల్లబడి సరిగ్గా కలవక ఏర్పడే లోపాలు) పెరిగినప్పుడు కారణం వెతకడానికి మా దగ్గర ఏ రికార్డూ లేదు. రివ్యూలో నిలబడి జవాబు చెప్పవలసి వచ్చింది మాత్రం ఫౌండ్రీయే. ఆ బృందం అప్పటికే ప్రాజెక్టు పూర్తయిందని సంతకాలు తీసుకుని వెళ్లిపోయింది. మీరు సూత్రాలంటున్నప్పుడు నాకు ఆ రివ్యూ గుర్తుకు వస్తుంది.

నీలిముద్ర:

ఎవరో చెడగొట్టిన పనికి నన్ను బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. నా వైపు అనుభవం కూడా వినండి. ఒక కంపెనీలో ప్లాంటువారు చెప్పినట్టే కింద నుంచి మొదలుపెట్టాము. ప్రతి ప్లాంటూ తన పద్ధతే సరైనదన్నది. ఎవరి మాట నెగ్గాలో చెప్పే అధికారం మాలో ఎవరికీ లేదు. ప్లాంటుకొక పటం తయారైంది, కంపెనీకి ఒక్కటీ తయారు కాలేదు. చివరికి ఖర్చు వృథా అయిందన్న నింద ఐటీ మీద పడింది. అధికారం ఇవ్వకుండా బాధ్యత మాత్రం అప్పగించడం ఎలా ఉంటుందో ప్రొడక్షన్‌లో ఉన్నవారు ఎప్పుడూ ఆలోచించరు.

నిర్వాహకులు:

దయచేసి వృత్తుల మీద సామూహిక వ్యాఖ్యలు చేయకుండా విషయం మీదే మాట్లాడండి.

సీఎన్‌సీ_రాత్రిషిఫ్టు:

నేను మెషిన్ షాపులో పనిచేస్తాను. మొదటి నుంచి చదువుతున్నాను. మీరిద్దరూ కిలోలు, నంబర్లు అంటున్నారు గానీ అసలు గొడవ రిజెక్షన్ ఎవరి ఖాతాలో పడాలన్నదే.

కాస్టింగ్ లోపల ఉన్న బ్లోహోల్ (వాయువు చిక్కుకుని ఏర్పడిన రంధ్రం) పైకి కనిపించదు. నేను బిగించి, రఫ్ కట్ తీసి, బోరింగ్ సగం అయ్యాక బయటపడుతుంది. అప్పటికి నా మెషిన్ గంటలు, ఇన్సర్టులు (కోత పనిముట్ల మొనలు), ఆపరేటరు కూలీ అందులో పోయి ఉంటాయి. ఆ కాస్టింగ్‌ను నేను తిప్పి పంపితే ఫౌండ్రీ దానిని కిలోల్లో రిటర్న్ స్క్రాప్‌గా తీసుకుని మళ్లీ కరిగిస్తుంది. వారి పుస్తకంలో అది దాదాపు నష్టమే కాదు, నా పుస్తకంలో పూర్తి నష్టం. కిలోల లెక్క ఉన్నంతకాలం నా మెషిన్ గంటలు ఎక్కడా కనిపించవు. ఒకే కోడ్ వచ్చి, ప్రతి నంబరు వెంట హీట్ నంబరు నడిస్తే, ఏ హీట్ వల్ల ఎన్ని గంటలు పోయాయో నెలాఖరుకు ఎండీ గారి బల్ల మీద ఉంటుంది. ప్లాంటు హెడ్లు ఈ ప్రాజెక్టు వద్దనడానికి కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను.

మెల్ట్‌షాప్:

సీఎన్‌సీ గారు విషయాన్ని దాని పేరుతోనే పిలిచారు. అవును, నా భయం అదే, దానిని దాచవలసిన అవసరం నాకు లేదు. అయితే ఆ భయానికి ఆధారం ఉంది. బ్లోహోల్ కనిపించగానే అది ఫౌండ్రీ తప్పని రాసేస్తారు. మందం ఒక్కసారిగా మారే డిజైన్‌ను ఇచ్చింది ఎవరు? కొత్త ప్యాటర్న్‌కు ట్రయల్ పోయడానికి సమయం ఇవ్వకుండా డెలివరీ తేదీ ఒప్పుకున్నది ఎవరు? తక్కువ ధరకు వస్తోందని బైండరు (మౌల్డు ఇసుకను పట్టి ఉంచే పదార్థం) సరఫరాదారును మార్చినది ఎవరు? హీట్ నంబరు వెంట ఇవన్నీ కూడా నడిస్తే ఒకే కోడ్‌కు నేనే మొదటి సంతకం పెడతాను. హీట్ నంబరు ఒక్కటే నడిస్తే, ఆ పటం ఫౌండ్రీ మీద చార్జిషీటుగా తయారవుతుంది.

నీలిముద్ర:

ఇప్పుడు మన మధ్య ఉన్న భేదం స్పష్టమైంది. రిజెక్షన్ కారణాన్ని ఎవరు తేలుస్తారు, ఏ ఆధారాలతో తేలుస్తారు, ఖర్చును ఏ విభాగం మోస్తుంది అన్న నియమం పైనుంచి రావాలి. డిజైన్, కొనుగోలు, సేల్స్ విభాగాలను కూడా కూర్చోబెట్టి జవాబు అడగగల అధికారం ఎండీ గారికి తప్ప ఎవరికీ లేదు. నేను మొదటి రోజు నుంచి ప్రాథమిక దశ అంటున్నది ఈ నియమం గురించే.

మెల్ట్‌షాప్:

నియమం పైనుంచి రావాలని ఒప్పుకుంటున్నాను. అది ముందుగానే రావాలన్న మాటను ఒప్పుకోను. ఏ లోపానికి ఏ కారణమో ఆధారం లేకుండా కాన్ఫరెన్స్ హాల్లో రాసిన నియమంలో గొంతు గట్టిగా ఉన్న విభాగం నెగ్గుతుంది. ముందు ఒక వస్తువు మీద రికార్డు పెట్టండి, ఆ రికార్డును బల్ల మీద పెట్టి నియమం రాయండి. అంతవరకు ఆ రికార్డును ఎవరి మీదా ఖర్చు వేయడానికి వాడబోమని ఎండీ గారు రాతపూర్వకంగా చెప్పాలి.

సీఎన్‌సీ_రాత్రిషిఫ్టు:

అంతవరకు నా గంటల నష్టం ఎవరు మోస్తారు?

చర్లపల్లి_ఐటీ:

అందరికీ కృతజ్ఞతలు. రిజెక్షన్ ఖర్చు తమ ఖాతాలో పడుతుందన్నదే వారి భయమా అని మా ప్లాంటు హెడ్లను ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేను అడుగుతాను. ఎండీ గారి ముందు ఒక పేజీ పెట్టబోతున్నాను. ఎక్కువగా రిజెక్ట్ అవుతున్న ఒక వాల్వు బాడీ, దాని హీట్ నంబరు, పోసిన ఉష్ణోగ్రత, ప్యాటర్న్ రివిజన్, బైండరు లాటు, మెషిన్ గంటలు, ఇవన్నీ ఏ ప్లాంటులో ఎవరు ఎక్కడ రాస్తున్నారో అందులో ఉంటుంది. ఆ రికార్డు ఒక త్రైమాసికం పాటు ఎవరి ఖర్చు ఖాతాకూ వెళ్లదన్న వాక్యం కింద ఆయన సంతకం అడుగుతాను. సీఎన్‌సీ గారి ప్రశ్నకు ఆ త్రైమాసికంలో నష్టపోయిన మెషిన్ గంటలను ఏ విభాగానికీ చెందని ఒక ప్రత్యేక ఖాతాలో వేయడం తప్ప నాకు వేరే దారి తోచలేదు. మా అకౌంట్స్ వారు దీనికి ఒప్పుకుంటారో లేదో సోమవారం తెలుస్తుంది.

స్టోర్సు_రికార్డు:

ఎస్‌ఏపీలో దానికి విడిగా ఒక కాస్ట్ సెంటర్ (ఖర్చులు నమోదయ్యే విడి పద్దు) తెరవవచ్చు. కానీ ఆ త్రైమాసికం ముగిశాక ఆ బ్యాలెన్సును ఎక్కడికి మార్చాలో ముందే రాయించుకోండి. లేకపోతే ఇదే గొడవ అకౌంట్స్ గదిలో మళ్లీ మొదలవుతుంది.