ముగ్గురు డబ్బిస్తామంటున్నారు, ముగ్గురివీ మూడు షరతులు. ఒక్క మాట మీదికి తేవడం ఎలా?

సీతంపేట_బడి:
అందరికీ నమస్కారం. సీతంపేట ఏజెన్సీలో మాది చిన్న సొసైటీ, టీచర్లు, సవర ఊళ్ల తల్లిదండ్రులు కలిసి నడుపుకుంటున్నాం. ఒకటో తరగతి సవరలో మొదలుపెట్టిన పిల్లలు తెలుగులోకి మారేటప్పుడు ఎక్కడ తడబడుతున్నారో, అదే పిల్లల్ని మూడేళ్లపాటు గమనించి తెలుసుకోవాలని మా ఆలోచన. ఇది పైనుంచి ఎవరో ఇచ్చిన ప్రశ్న కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది కదా, మా ఊళ్లలో తల్లులు ఇప్పటికీ అడిగేది ఒకటే, మన భాషలో చెప్తే తెలుగులో వెనకబడిపోరు కదా అని.

విశాఖలో ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) వాళ్లు, హైదరాబాద్‌లో ఒక ట్రస్టు, ఒక విదేశీ ఫౌండేషన్ ముందుకొచ్చారు. విడివిడిగా మాట్లాడితే అందరూ మంచివాళ్లే. కానీ కంపెనీకి మార్చికల్లా ఫలితం కావాలి, ట్రస్టు తమ టెస్టే పెట్టాలంటుంది, ఫౌండేషన్ తమ దేశపు ప్రొఫెసర్ గారే నడిపించాలంటుంది. మూడు రకాల రిపోర్టులు రాస్తూ కూర్చుంటే పిల్లల దగ్గర కూర్చునేదెవరు? డబ్బంతా ఒకచోట వేసి ఒకే రిపోర్టు తీసుకోండని ఎవరినైనా ఒప్పించినవాళ్లుంటే చెప్పండి.

లెక్కల_మనిషి:
ముందు ఆ "ఒకచోట వేయడం" అన్నది మర్చిపోండి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టానికి సవరణ వచ్చాక, విదేశీ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు, అవతలి సంస్థకి రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. ఇదివరకు పెద్ద ఎన్జీవో ఒకటి తీసుకుని చిన్నవాళ్లకి పంచేది, ఆ దారి పోయింది. చిన్న సంస్థలకి ఇది పెద్ద దెబ్బ, నాకు ఇప్పటికీ బాధే. కాబట్టి మీకే రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో మీ ఖాతాకే రావాలి. ఆ విదేశీ డబ్బులో పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. అయితే ప్రధానంగా పరిశోధన చేసే సంస్థలో ఫీల్డ్ డేటా సేకరించేవాళ్ల జీతాలు ఆ 20 శాతంలోకి రావు. చాలామంది ఇది చూసుకోక భయపడుతుంటారు.

సీఎస్‌ఆర్ వాళ్ల మార్చి గడువు చట్టంలో లేదండి. "కొనసాగే ప్రాజెక్టు" అని బోర్డు ఆమోదిస్తే మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు నడపొచ్చు, ఖర్చుకాని సొమ్ము ఏప్రిల్ 30లోగా ప్రత్యేక ఖాతాలో వేసుకుంటే సరిపోతుంది. ఈ ముక్క వాళ్ల సీఎస్‌ఆర్ మేనేజర్‌తో కాదు, ఫైనాన్స్ వాళ్లతో మాట్లాడండి, వెంటనే అర్థమవుతుంది. డబ్బు ఎవరి ఖాతా లెక్క వారిదే, పని ప్రణాళిక మాత్రం ముగ్గురూ సంతకం పెట్టిన ఒకే కాగితం. అది చాలు.

కడప_సర్వే:
నేను ఇళ్లకి తిరిగి సర్వేలు చేసినవాణ్ణి. మన దగ్గర ఇలాంటివి జరగకపోలేదు. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రలో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి వందల బడుల్లో పరిశోధన చేశాయి. అందులో ఒకటి మీ కంపెనీ వాళ్లకి తప్పకుండా చెప్పండి. బడులకి పిల్లల సామగ్రి కోసం గ్రాంటు ఇస్తే మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది, గ్రాంటు వస్తుందని ముందే తెలిసేసరికి తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, పెరుగుదల కనిపించలేదు. మొదటి మార్చికే మూసేసి ఉంటే గ్రాంటు బ్రహ్మాండంగా పనిచేసిందని రాసేసేవాళ్లు!

పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన "యంగ్ లైవ్స్" అధ్యయనం ఇంకో దారి. బ్రిటన్ ప్రభుత్వం ప్రధానంగా డబ్బిచ్చింది, కొన్నేళ్లు నెదర్లాండ్స్, ఐర్లాండ్ కూడా చేయి వేశాయి, ఇక్కడ హైదరాబాద్‌లోని సెస్ అనే పరిశోధన సంస్థ, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పనిచేశాయి. సుమారు 3,000 మంది పిల్లల్ని 2002 నుంచి వదలకుండా అనుసరించారు. అంత ఓపిక ఉన్న దాతలు దొరకడం అదృష్టం. కానీ దాన్ని నడిపింది ఆక్స్‌ఫర్డ్, మీది అలా కాకూడదనే మీ పట్టుదల, వదలకండి. ప్రొఫెసర్ గారిని సలహాదారుగా పెట్టుకోండి. డేటా ఎవరి దగ్గరుంటుంది, మీకు చెప్పకుండా పేపరు రాయొచ్చా, ఫలితం ఊళ్లో సవరలోనూ తెలుగులోనూ ఎప్పుడు చదివి వినిపిస్తారు, ఇవన్నీ ఆ కాగితంలో ఉండాలి.

ఉట్నూరు_టీచరమ్మ:
టెస్టు గురించి ఒక్క మాట. మా గోండు పాప ఒకతి రెండో తరగతి తెలుగు పేరా ఎక్కడా ఆగకుండా చదివింది, టెస్టు పెట్టడానికి వచ్చినాయన "పేరా" గడిలో టిక్కు పెట్టేశాడు. నేను గోండిలో "ఏం చదివావమ్మా, ఎవరెక్కడికి పోయారు?" అంటే నా మొహం చూస్తూ నిలబడింది. అక్షరాలు పలకడం వచ్చింది, అంతే. ఆ ఫారంలో ఇది రాసుకునే గడే లేదు! ట్రస్టు వాళ్ల టెస్టు వద్దనకండి, దాని పక్కనే పిల్లల భాషలో రెండు ప్రశ్నలు చేర్చమనండి, అడిగేది ఆ ఊరి సవర అమ్మాయే అయ్యుండాలి. వాళ్ల లెక్క వాళ్లకి దొరుకుతుంది, మీ తల్లుల ప్రశ్నకీ జవాబు దొరుకుతుంది.

గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గరే సవర నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్లకి బడులు పెట్టారు. మీ కొండల్లో పరిశోధన ఇలాగే మొదలైందని ఆ ఫౌండేషన్ వాళ్లకి చెప్పండి.

సీతంపేట_బడి:
టీచరమ్మ గారూ, మీరు చెప్పిన రెండు ప్రశ్నలూ రేపే తల్లుల ముందు పెడతాం. ముగ్గురినీ ఒకే రోజు సీతంపేటకే పిలుస్తాం, విశాఖ హోటల్లో వద్దు, తల్లులే వాళ్ల ప్రశ్న చెప్తారు. లెక్కల అన్నా, మాకు ఎఫ్‌సీఆర్‌ఏ లేదు. ముందస్తు అనుమతికి పెట్టమంటారా?

లెక్కల_మనిషి:
పెట్టొచ్చు, అది ఫలానా దాత నుంచి ఫలానా పనికి, ఇంత మొత్తానికి అని అడిగేది కాబట్టి ఫౌండేషన్ నుంచి హామీ పత్రం తీసుకోండి. దానికన్నా ముందు మీ బైలాస్‌లో, అంటే సొసైటీ నియమావళిలో, పరిశోధన అన్న ఉద్దేశం ఉందో లేదో చూడండి, లేకపోతే సభ్యుల సమావేశం పెట్టి చేర్చుకోండి. ఈలోగా ట్రస్టు డబ్బుతో మొదటి ఏడాది పని మొదలుపెట్టేయొచ్చు, పిల్లలు జూన్‌లో ఒకటో తరగతికి వచ్చేస్తారు కదా.