మందార మకరంద… తుమ్మెద పోనిది ‘మదనములకా’, ‘మదనమునకా’?

బరంపురం పెరడు

పొద్దున్న మందారానికి నీళ్ళు పోస్తూ అలవాటుగా పోతన భాగవతంలో ప్రహ్లాదుడి పద్యం అందుకున్నాను. "మందార మకరంద మాధుర్యమునఁ దేలు మధుపంబు వోవునే" దాకా జోరుగా వచ్చి అక్కడ నాలుక ఆగిపోయింది. "మదనములకు" అని అందరూ చదువుతారు. మా నాన్నగారు "మదనమునకు" అనేవారని నా చెవిలో ఉంది. గణాలు వేసి తేల్చుకుందామంటే మదన–ములకు అన్నా, మదన–మునకు అన్నా రెండూ న గణాలే, మూడేసి లఘువులు. ఛందస్సు ఎవరి పక్షమూ చెప్పడం లేదు. నాన్నగారి పుస్తకం చూద్దామంటే 2013లో ఫైలిన్ తుఫానుకి అటక మీది పెట్టెతో సహా తడిసి అట్ట కట్టేసింది.

ఇంకో అనుమానం కూడా ఉంది. మా పెరట్లోది ఎర్ర రేకమందారం. అదే తుఫానుకి నడుమెత్తున విరిగి మోడైంది. ఇంక పోయిందనుకుని వదిలేస్తే మళ్ళీ వానలకి పది చోట్ల చిగురేసి, ఇప్పుడు ప్రహరీ దాటి పోతోంది. ఇన్నేళ్ళలో దాని మీద తేనెపిట్టల్ని చూశాను, చీమల బారులు చూశాను. మకరందంలో ‘తేలుతున్న’ తుమ్మెద మాత్రం ఒక్కటీ కంటపడలేదు. పోతన ఏ మందారాన్ని చూసి రాశాడంటారు?

పనిలో పని, ఈ నెలలో మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

యతిప్రాస, రాయగడ

‘ములకు’ అక్కా. సందేహమే లేదు. కింది పాదాలు చూడండి: తరంగిణులకు, కుటజములకు, నీహారములకు. మూడూ బహువచనాలే. మొదటిదొక్కటే ఏకవచనం ఎందుకవుతుంది?

పర్లాకిమిడి మాస్టారు

అంత తొందరగా కొట్టేయకు బాబూ. మూడూ బహువచనాలు కాబట్టి నాలుగోదీ అదేనని నువ్వు అంటున్నావు. నాలుగోదాన్ని ఆ తూకానికే ఎవరో తర్వాత సరిదిద్దారని నేనంటాను. మనిషి నోట నిలిచిన పాఠాన్ని తోసేయకూడదు. మాది గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరు, ఆ మాత్రం పట్టింపు ఉంటుంది.

ఇంతకీ ‘మదనం’ ఏమిటో తేలితే కదా ఒకటో పదో తేలేది. అందరూ ఉమ్మెత్త అని టీకా రాసి ఊరుకుంటారు. అమరంలో, అదే అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో, ఉమ్మెత్త పేర్లలో "మాతులో మదనశ్చ" అని ఉన్నమాట నిజమే. కానీ మదనానికి మైనం అని కూడా అర్థముంది. పట్టులో తేనె ఉంటుంది, మైనం ఉంటుంది. తేనె మరిగిన తుమ్మెద మైనం కొరుకుతుందా అని ప్రహ్లాదుడు గురువుని అడుగుతున్నాడు. నువ్వు చెప్పేది రసం లేని పిప్పి అని ఎంత సున్నితంగా అన్నాడో చూడండి! మైనం లెక్కపెట్టే వస్తువు కాదు. అందుకని ‘మదనమునకు’. వీరి నాన్నగారే ఒప్పు.

యతిప్రాస, రాయగడ

మాస్టారూ, నీహారం మాత్రం లెక్కపెట్టే వస్తువా? మంచుకి ‘నీహారములు’ అన్నవాడికి మైనాన్ని ‘మదనములు’ అనడం ఓ లెక్కా? పైగా ఆ సీసంలో పోలిక ఎలా నడిచిందో చూడండి. ఏటికి ఏరు, చెట్టుకి చెట్టు, వెన్నెలకి మంచు. మొదటి పాదంలో మాత్రం పువ్వుకి మైనపు ముద్ద ఏమిటి?

గిడుగువారు వాడుక భాష రాయమన్నారు గానీ కావ్యపాఠాలు మార్చమనలేదు. ఆయన పాత కావ్యాల్లోంచి ప్రయోగాలు ఏరి తెచ్చి పండితుల ముందు పరిచిన మనిషి.

పర్లాకిమిడి మాస్టారు

నేనూ అదే అంటున్నాను. ఏరి తెచ్చి పరుచు.

జయపురం కొండగాలి

ఉమ్మెత్తా కాదు, మైనమూ కాదు. మదనమంటే మంగచెట్టు. వాంతి చేయించడానికి వైద్యులు వాడే మదనఫలం దాని కాయే. అమరంలో "శల్యశ్చ మదనే" అని దీనికి వేరే పంక్తి ఉంది, మాస్టారు దాన్ని దాటేశారు. మా కొరాపుట్ కొండల్లో నిలువెత్తు పొదలు, కణుపు కణుపుకీ ముల్లు. మందారంలో తేలే తుమ్మెద ఆ ముళ్ళలోకి, ఆ వాంతి మందులోకి పోతుందా అని. ప్రహ్లాదుడికి గురువుగారి రాజనీతి పాఠాలు వింటే ఏమనిపించేదో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

యతిప్రాస, రాయగడ

మంగ పువ్వు తెల్లగా విచ్చి పసుపు తిరుగుతుంది. మంచి వాసన కూడా. తుమ్మెద హాయిగా పోతుందండీ!

జయపురం కొండగాలి

పోతే పోనీండి. కుటజం మటుకు ఏం తక్కువ? మనం కొడిసె అంటాం, ఒడియావాళ్ళు కురెయి అంటారు. కొండంతా తెల్లగా పూస్తుంది. మేఘసందేశంలో యక్షుడు మేఘుడికి అర్ఘ్యం ఇచ్చింది ఆ పూలతోనే. కాళిదాసు నెత్తిన పెట్టుకున్నదాన్ని పోతన కోయిలకి పనికిరాదన్నాడు. అంటే ఇక్కడ చెడ్డ పువ్వూ మంచి పువ్వూ అని కాదు. మరిగిన నోటికి రెండోది ఆనదు, అంతే.

సిరొంచ నుంచి

మీరంతా మదనం దగ్గరే కొట్టుకుంటున్నారు. అసలు గొడవ మందారం దగ్గర ఉంది. మా వైపు మరాఠీలో మీ పెరటి పువ్వు పేరు జాస్వంద్. ‘మాందార్’ అంటే వినాయకుడికి పెట్టే తెల్ల జిల్లేడు. నవ్వకండి, అమరంలో కూడా జిల్లేడు పేర్ల వరసలో "మందారశ్చార్కపర్ణః" అని ఉంది. ప్రాణహిత ఒడ్డున ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఏ పువ్వూ లేనప్పుడు జిల్లేడు పొద మీద చూడండి. బొటనవేలంత నల్ల తుమ్మెద, రెక్కల మీద నీలం మెరుపు, గుత్తి గుత్తికీ వాలుతూ ఝుమ్మని తిరుగుతుంటుంది. అక్కగారి రేకమందారం మీదికి తుమ్మెద ఎందుకు రాలేదో ఇప్పుడర్థమైందా?

పర్లాకిమిడి మాస్టారు

శివశివా! పోతనగారి మందారం జిల్లేడా? ఆ మాట బమ్మెరలో అనండి చూద్దాం.

అయ్యా, అది దేవతరువు. "పంచైతే దేవతరవో మందారః" అన్న పంక్తి మీకు కనపడలేదా? రెండో పాదంలో మందాకిని ఉంది, ఆకాశగంగ. మొదటిది స్వర్గంలో చెట్టు, రెండోది స్వర్గంలో నది. ఇంకా సాక్ష్యం కావాలంటే ఆయన నోటితోనే చెప్పిస్తాను. "అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దాపల మందారవనాంతరామృతసరః ప్రాంతేందుకాంతోపలోత్పల పర్యంక రమావినోది…" గజేంద్రుడి మొర వినపడే వేళకి స్వామి ఉన్నది మందారవనంలో. పోతనకి మందారమంటే విష్ణువు ఇంటి పెరడు. అక్కడి మకరందం మరిగిన తుమ్మెద అంటే ప్రహ్లాదుడే. దీనికి వృక్షశాస్త్రం ఎందుకండీ?

మూలంలో వ్యాసుడు ఇనుము, అయస్కాంతం పోలిక చెప్పి ఊరుకున్నాడు. పోతన దాన్నీ తెలుగు చేసి, ఆ పైన ఈ సీసం తన సొంతంగా వేశాడు. అయస్కాంతం లాగితే ఇనుము కదులుతుంది, దానికి రుచి తెలియదు. తుమ్మెదకి తెలుసు. ఆ తేడా కోసమే ఈ పద్యం పుట్టిందని నా నమ్మకం.

చూసి పోయేవాణ్ణి, ఛత్రపురం

మాస్టారు ఎత్తుకున్నారు కాబట్టి అడుగుతున్నాను. "సౌధంబు దాపల" అంటే మేడకి దగ్గర అనా, ఎడమపక్క అనా? మా తాతగారు అరక కట్టినప్పుడు దాపల ఎద్దు, వలపల ఎద్దు అనేవారు. దాపలది ఎడమ. ఆ లెక్కన మందారవనం మేడకి ఎడమవైపు ఉండాలి.

పర్లాకిమిడి మాస్టారు

ఎడమే. ‘దాపు’ వేరు, ‘దాపల’ వేరు. ఈ రెంటినీ కలిపేసి ‘దగ్గర’ అని చెప్పేవాళ్ళని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

యతిప్రాస, రాయగడ

ఎవరి ఎడమ మాస్టారూ? చూసేవాడి ఎడమా, మేడ ఎడమా?

బరంపురం పెరడు

మీరు ఎడమ తేల్చేలోగా ఇక్కడో ముచ్చట. గోడవతల ఒడియా మావుసి నేను పాడుతుంటే విని, ‘మందార’ ఒక్కటే తెలిసింది, మిగతాది ఏమిటని అడిగింది. వాళ్ళకీ ఈ పువ్వు మందారే. ఠాకురాణికి, అంటే అమ్మవారికి, దండ కట్టడానికి మా చెట్టు నుంచే కోసుకెళ్తుంది. దేవలోకంలో చెట్టు అని చెబితే, మరి నేను రోజూ కోసుకెళ్ళేది ఏమిటట అంది. నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ అసలు ఈ పువ్వుని మందారం అనేదే కాదు, దాసాని అనేది. మందారం మాట మా ఇంట్లోకి పద్యంతో వచ్చిందో, పక్కింటి నుంచి వచ్చిందో!

యతిప్రాస, రాయగడ

అక్కా, మావుసికి ఇది చెప్పండి. సంస్కృతంలో ఈ పువ్వు జపా. "జపాకుసుమ సంకాశం" అని సూర్యుణ్ణి పొగిడేది ఈ ఎరుపుతోనే. దాని రెండో పేరు ఓండ్రపుష్పం. "ఓండ్రపుష్పం జపాపుష్పం" అని అమరం. అంటే ఒడిశా పువ్వు! మీ పెరట్లోది స్వర్గంది కాకపోయినా సొంతూరిదే.

పర్లాకిమిడి మాస్టారు

‘ఓడ్ర’. మధ్యలో సున్న ఎక్కడిది? దేశం పేరు ఓడ్రమైతే పువ్వు ఓడ్రపుష్పమే.

యతిప్రాస, రాయగడ

నేను చదివిన దాంట్లో సున్న ఉందండీ.

జయపురం కొండగాలి

సున్న ఉన్నా లేకపోయినా ‘ఓ’ గురువే. ఇక్కడా ఛందస్సు నోరు విప్పదు. ములకు, మునకు కథే మళ్ళీ.

అమ్మా, మీ మొగ్గల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మొగ్గ కిందా ఆకు సందుల్లోనూ తెల్లగా దూదిపింజ లాంటిది అంటుకుని ఉందేమో చూడండి. ఉంటే అది పిండినల్లి. మీరు చెప్పిన చీమల బారులు మకరందానికే వస్తున్నాయని ఎవరన్నారు? పిండినల్లి కార్చే తీపి జిగురు కోసం వస్తాయవి. దాన్ని కాపలా కాస్తాయి కూడా. బాగా పట్టిన కొమ్మల్ని కత్తిరించి పారేయండి. మిగతాదాన్ని పైపు నీళ్ళతో జోరుగా కడిగి, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బునీళ్ళు వేసి సాయంత్రం పూట కొట్టండి. వారానికోసారి, మూడు నాలుగు వారాలు. కత్తిరించానని బాధపడకండి, మందారం కొత్త చిగురు మీదే పూస్తుంది. నీళ్ళు ఒకరోజు ముంచెత్తి నాలుగు రోజులు ఎండగట్టినా మొగ్గ రాలుతుంది. అదీ చూసుకోండి.

సిరొంచ నుంచి

చూశారా! మాధుర్యమునఁ దేలేది చీమ, అదీ పిండినల్లి మాధుర్యంలో.

బరంపురం పెరడు

నిజమే, మొగ్గ వెనక తిప్పి చూస్తే తెల్లగా ఉంది. గోటితో గీకితే జిగటగా అంటుకుంది. ఇన్నాళ్ళూ చీమల్ని రసికులనుకున్నాను.

ఇంకో మాట. ఇచ్ఛాపురంలో మా మేనత్తకి ఫోన్ చేశాను. ఎనభై దాటినా పద్యాలు పోలేదు. మీ అన్నయ్య ‘ములకు’ అనేవాడా ‘మునకు’ అనేవాడా అంటే, ఆవిడ గొంతు సవరించుకుని పద్యమంతా రాగం తీసి పాడింది. "మదనమ్ములకు" అని పాడింది.

యతిప్రాస, రాయగడ

అయ్యో, గణం పోయింది! పాదం చివర వచ్చే చిన్న గణం, సూర్యగణంలో అంత పట్టదు.

పర్లాకిమిడి మాస్టారు

రాగంలో పాడేటప్పుడు ‘మ’ మీద ఆగి ఉంటారు, మీకు ఒత్తులా వినపడి ఉంటుంది. ఆవిణ్ణి ఈసారి పాడించొద్దు, మామూలుగా చెప్పమనండి. అప్పుడు ‘ల’ అంటారో ‘న’ అంటారో జాగ్రత్తగా వినండి. అలాగే నాలుగో పాదంలో చకోరం దగ్గర "చకోరకం బరుగునే" అంటారా, "చకోరక మరుగునే" అంటారా కూడా కనుక్కోండి. అక్కడ ‘మ’ అన్నా యతి చెడదు, ‘అరుగునే’లో ‘అ’కీ ‘హారములకు’లో ‘హా’కీ యతి కుదురుతుంది. అయినా ఈ ‘బ’ కోసం నేను చాలామందితో తగువు పడ్డాను.

ఆదివారం బరంపురంలో పెళ్ళికి వస్తున్నాను. ఎలాగూ కత్తిరిస్తున్నారు కదా, పురుగు పట్టని కొమ్మ చూసి పెన్సిలంత లావున, జానెడు పొడవున రెండు ముక్కలు తడిగుడ్డలో చుట్టి ఉంచండి. వానలు పడుతున్నాయి, నీడలో గుచ్చితే బతుకుతుంది. రేకదే సుమండీ, ముద్దది మా ఇంట్లో ఉంది.