ట్రిలియం మొక్కలు మూడేళ్లుగా పూయడం లేదు, సలహా ఇవ్వగలరు

ఒహాయోలోని మా పెరట్లో, మేపుల్ చెట్ల నీడన, 3 సంవత్సరాల క్రితం నర్సరీలో కొన్న 6 తెల్ల ట్రిలియం (వసంతంలో పూసే అడవి మొక్క) దుంపలను నాటాను. ఏటా ఏప్రిల్‌లో మూడేసి ఆకులతో పైకి వస్తున్నాయి గానీ ఒక్కటీ పూయలేదు. పైగా నిరుడు జింకలు రెండింటిని ఆకులతో సహా కొరికివేయగా, అవి ఆ ఏడాది మళ్లీ చిగురించలేదు. విత్తనం నుంచి పూతకు 7 సంవత్సరాలకు పైగా పట్టవచ్చని తెలుసు, కానీ దుంపలకూ ఇంత ఓపిక కావాలా? పక్కనున్న వర్జీనియా బ్లూబెల్స్ (వసంతంలో నీలి పూలు పూసే మొక్కలు) వేసవికి ఎండి మాయమైతే, నేలకింద నిద్రాణంగా ఉంటాయని తెలియక, చచ్చిపోయాయనుకుని అక్కడ తవ్వి బంతి నారు పెట్టిన తెలివితక్కువతనం కూడా నాదే. మేపుల్ వేళ్లు నేలలోని తేమనంతా లాగేసుకోవడమే పూత రాకపోవడానికి కారణమా, లేక నేను దుంపలను మరీ పైపైన నాటానా? చోటు మార్చాలంటే ఇప్పుడే తవ్వవచ్చా, ఆకులు ఎండేదాకా ఆగాలా? కంచె లేకుండా జింకలను ఆపగలిగినవారు ఉంటే, ఆ ఉపాయం కూడా దయచేసి తెలియజేయగలరు.