బీ2లో లిజనింగ్ ఒక్కటే పోయింది, బీ1తోనే జర్మనీ వెళ్లిపోవచ్చా?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. చెన్నైలో ఆరేళ్లుగా ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. జర్మనీ కోసం గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ల జర్మన్ భాషా పరీక్ష బీ2 స్థాయిలో (బీ1 కంటే ఒక మెట్టు పైది) రాస్తే చదవడం, రాయడం, మాట్లాడడం గట్టెక్కాయి. లిజనింగ్‌లో మాత్రం 57 దగ్గర ఆగిపోయాను. ప్రతి మాడ్యూల్లోనూ 100కి 60 రావాలి కదా.

నన్ను బాగా ఇబ్బంది పెడుతున్నవి అంకెలు. 21ని వాళ్లు ‘ఐన్ ఉంట్ ట్స్వాన్‌సిష్’ అంటారు, అంటే ముందు ఒకటి, ఆ తర్వాత ఇరవై. ప్రాక్టీసులో 53 అని వింటే నోట్సులో 35 రాసేస్తున్నాను. పరీక్షలో కొన్ని ఆడియోలు ఒక్కసారే వినిపిస్తారు. రేపు వార్డులో మందు డోసు ఇలాగే తిరగేసి వింటే? పరీక్ష కంటే ఆ భయమే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఏజెన్సీ వాళ్లేమో బీ1తోనే వెళ్లిపొమ్మంటున్నారు, అక్కడ రికగ్నిషన్ వీసా (మన నర్సింగ్ చదువుకు అక్కడ గుర్తింపు తెచ్చుకోవడానికి ఇచ్చే వీసా) మీద అసిస్టెంటుగా చేస్తూ బీ2 పూర్తి చేసుకోవచ్చట. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచమన్నారు. నేను ఇవ్వలేదు, ఇవ్వను కూడా.

అలా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. డ్యూటీ చేస్తూ చదువుకోవడానికి ఓపిక మిగులుతుందా? వీసా గడువులోగా గుర్తింపు రాకపోతే మీ దగ్గర ఏం చేశారు? మా ఆయన్ని, నాలుగేళ్ల పాపని ఎప్పటికి తీసుకెళ్లగలను అనుకోవచ్చు? లేక ఇక్కడే ఉండి ఆ ఒక్క మాడ్యూల్ మళ్లీ రాయడం మేలా? అంకెలు చెవికి పట్టడానికి మీరు ఏం చేశారో అది కూడా రాయండి.