జపాన్ వెళ్తున్నా, మ్యాన్‌హోల్ మూతల ఫొటోలు తీయాలి. నవ్వకుండా సలహా చెప్పండి

బెజవాడ బాటసారి:
నవంబరులో పదకొండు రోజులు జపాన్ వెళ్తున్నాం, నేనూ మా ఆవిడా. టోక్యో, మత్సుమోతో, క్యోటో, నారా, ఒసాకా. ఫూజీ కొండ, ఎర్ర తోరణాల గుడి ఎలాగూ చూస్తాం. ఆ ఫొటోలు నేను తీసినా ఇంకొకరు తీసినా ఒకటే. నాకు మాత్రం అక్కడి మ్యాన్‌హోల్ మూతల మీద మనసు పడింది. ఊరికో బొమ్మ ఉంటుందట.

ఈ మాట ఇంట్లో అంటే "డ్రైనేజీ మూతల కోసమా లక్షలు పోసి టికెట్లు కొన్నది?" అంది మా ఆవిడ. మా వీధి చివర మూత పోయిన మ్యాన్‌హోల్లో ఎవరో వేపకొమ్మ గుచ్చారు, ముందు దాన్ని తీయమంది.

నా దగ్గరున్నది ఫోనే. ఎక్కడ వెతకాలి, ఎలా తీయాలి? నడిరోడ్డు మీద వంగుంటే అక్కడివాళ్లు ఏమన్నా అనుకుంటారా?

ఒసాకా వదిన:
తమ్ముడూ, నేను నవ్వను. మా వారి ఉద్యోగం మీద నాలుగేళ్లు ఒసాకాలో ఉన్నాం. నా ఫోనులో మా పిల్లాడి ఫొటోలకన్నా ఈ మూతలే ఎక్కువని మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతారు.

నాకీ పిచ్చి పట్టింది మత్సుమోతోలోనే. అక్కడి నల్లకోట చూద్దామని వెళ్తే వాన. గొడుగుల మధ్య కోట సగమే కనిపించింది. తల వంచుకుని తిరిగొస్తుంటే కాళ్ల కింద రంగురంగుల దారపు బంతులు! తెమారి అంటారు, దారాలు చుట్టి చేసే బంతి, ఆ ఊరి చేతిపని. ఇనప మూత మీద ఆ దారపు అల్లిక గీత గీతా పోతపోశారు. గీతల మధ్య వాననీళ్లు నిలిచి రంగులు ఇంకాస్త తేలాయి. మా వారు బస్సు పోతోందని అరుస్తున్నారు, నేను కదిలితేగా. ఆ బస్సు పోయింది కూడా.

అక్షరాలు కాస్త పట్టుబడ్డాక ఇంకోటి గమనించాను. చాలా మూతల మీద ఓ పక్కన మూడక్షరాలుంటాయి, ఓసుయ్ అని. మురుగునీరన్నమాట. పూలు, పక్షులు, కోటలు ఎన్ని వేసినా తాము చేసే పనేమిటో మాత్రం దాచుకోవు. వాననీళ్ల కాలవదైతే ఉసుయ్ అని ఉంటుంది. ఈ బొమ్మలు ఊపందుకున్నది 1980లలో. భూమిలో ఎక్కడో కనపడని కాలవలకి ఇంత ఖర్చా అని జనం సణుగుతుంటే, ఏ ఊరి మూత ఆ ఊరే గీసుకోమని అక్కడి నిర్మాణ శాఖ ప్రోత్సహించింది. ఒసాకాలో కోట, చెర్రీ పూలు. నారాలో జింక. ఉత్తరాన హకోదాతెలో అయితే స్క్విడ్‌లనే సముద్ర జీవులు డాన్సాడుతుంటాయి, నీ దారిలో లేదు, పాపం.

రంగు మూతలు తక్కువ. స్టేషన్ల దగ్గరా, చూడ్డానికి జనం వచ్చే వీధుల్లోనూ వెతుకు. కానీ రంగు లేనివాటిని వదిలెయ్యకు, నాకు అవే ఇష్టం. ఆ మిట్టపల్లాలు వానలో టైర్లు జారకుండా పట్టు ఇస్తాయి. జనం తొక్కీ తొక్కీ మిట్టలు నిగనిగలాడుతుంటాయి, పల్లాలు నల్లగా ఉండిపోతాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు తియ్యి, బొమ్మ లేచి నిలబడుతుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే అప్పడంలా చప్పగా వస్తుంది. సూర్యుడికి ఎదురుగా నిలబడితే నీ నీడ వెనక్కి పోతుంది. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు, మొదటి నలభై ఫొటోల్లో నా నీడా, నా చెప్పుల కొనలే. కెమెరా సెట్టింగుల్లో లెవెల్ (ఫోను వాలిందో లేదో చూపే గుర్తు) పెట్టుకో, లేకపోతే గుండ్రటి మూత కోడిగుడ్డవుతుంది.

నవంబరంటే గింకో చెట్ల ఆకులు పసుపుపచ్చగా రాలి మూతలకి అతుక్కుని ఉంటాయి. నేను పాత టూత్‌బ్రష్ పెట్టుకుని శుభ్రం చేసేదాన్ని. తర్వాత ఆకుల్ని ఉంచేయడం మొదలెట్టా.

ఎవరూ ఏమీ అనరు. రోడ్డు మధ్యవాటి జోలికి మాత్రం పోకు. ఫుట్‌పాత్ మీద కూడా సైకిళ్లొస్తాయి. ఓసారి ఓ ముసలావిడ సైకిలు నా వీపుకి జానెడు దూరంలో ఆగింది. తప్పు నాది, క్షమాపణలు మాత్రం ఆవిడ చెప్పుకుంది!

ఇంకోటి. 2016 నుంచి మ్యాన్‌హోల్ కార్డులని ఇస్తున్నారు. ఉచితం. ఒక పక్క మూత బొమ్మ, అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది. ఊళ్ల సమాచార కేంద్రాల్లోనో, మురుగునీటి శాఖవాళ్ల దగ్గరో స్వయంగా వెళ్లి తీసుకోవాలి. మనిషికి ఒకటే. కాబట్టి మీ ఆవిణ్ణి మంచి చేసుకో.

జెర్సీ ఓరుగల్లు:
అన్నా, నేనుండేది న్యూజెర్సీల. పోయిన ఎండకాలం మా బాపు వచ్చిండు. టైమ్స్ స్క్వేర్ చూపెడుదామని తోల్కపోతే లైట్ల దిక్కు చూస్తనే లేడు. "అరే, ఇండియాల చేసిందని రాసున్నదిరా" అని కిందికి వంగిండు. నిజమే, న్యూయార్క్‌ల చానా మూతలు హౌరా కార్ఖానాల్ల పోసినయే. 2007ల అక్కడ చెప్పుల్లేకుంట కరిగిన ఇనుముతోని పనిచేసేటోళ్ల ఫొటోలు ఇక్కడి పేపర్ల వస్తె లొల్లి గూడ అయింది.

వదిన చెప్పులు రావద్దన్నది గని, మా బాపు కావాలనే పక్కన చెప్పు పెట్టి తీసిండు. "ఎంత పెద్దగున్నదో మనూర్ల ఎట్ల తెలుస్తది మరి" అన్నడు. ట్రిప్పు మొత్తంల మంచి ఫొటో అదే.

పాత గోడలు:
టోక్యోలో మూతలతో ఆగిపోకండి. 1972లో అకసెగావా గెన్పెయ్ అనే కళాకారుడికి యోత్సుయాలో ఓ మెట్ల వరస కనిపించింది. పైన తలుపు లేదు, ఎక్కి అటు దిగడమే. విచిత్రమేమిటంటే, పట్టుకునే కమ్మీకి ఎవరో మరమ్మతు చేసి ఉంచారు. పనికిరాకపోయినా ఎవరో కాపాడుకొస్తున్న ఇలాంటివాటికి తర్వాత టొమాసన్ అని పేరు పెట్టాడు. భారీ జీతానికి జపాన్ వచ్చి, బంతి తగలక బ్యాటు ఊపుతూనే ఉండిపోయిన అమెరికా బేస్‌బాల్ ఆటగాడు గ్యారీ థామసన్ పేరది. మా వీధిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు సగం కోసేసిన మేడ ఒకటుంది. మొదటి అంతస్తు తలుపు తీస్తే గాలి. దానికి ఏటా దసరాకి మామిడాకులు కడతారు.

బెజవాడ బాటసారి:
అందరికీ థాంక్స్. మా ఆవిడ ఇదంతా చదివింది. ఇద్దరం వెళ్తే రెండు కార్డులన్నది బాగా నచ్చింది, ఒకటి తనకేనట. టూత్‌బ్రష్ మాత్రం నాదే వాడాలట.

పొద్దున ఏడింటికి వీధి చివర వేపకొమ్మ మీద ప్రాక్టీసు చేశా వదినా. సూర్యుడికి ఎదురుగానే నిలబడ్డా. నా నీడ రాలేదు గానీ, ఏం చేస్తున్నానో చూడ్డానికొచ్చిన పాలబ్బాయి బూటు వచ్చింది.