అమ్మ ఫోన్‌లో బ్రౌజర్‌ని ఎవరు ఎంచుకున్నట్టు?

కడపమ్మాయి, మారతహళ్ళి:
పోయిన ఆదివారం అమ్మకి కొత్త ఫోన్ కొన్నాం. ఏ లింకు నొక్కినా కంపెనీవాళ్ళ బ్రౌజరే తెరుచుకుంటోంది. పైన వాతావరణం, కింద సినిమా వార్తలు, మధ్యలో అప్పులిస్తామంటూ ప్రకటనలు. అమ్మ గ్యాస్ సబ్సిడీ సంగతి చూడబోయి అప్పు ప్రకటన నొక్కి, పేరూ నంబరూ ఇచ్చేసింది. అప్పట్నుంచి రోజూ కాల్సే, ఒకటే టెన్షన్. "మార్చుకునే వీలుంది కదా, కంపెనీ తప్పేముంది?" అంటున్నాడు తమ్ముడు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మీరేమంటారు?

వేణు:
ముందు సెట్టింగ్స్‌లో 'డిఫాల్ట్ యాప్స్' (మనం మార్చేదాకా ఫోన్ దానంతటదే తెరిచేవి) వెతికి బ్రౌజర్ మార్చండి. దాని నోటిఫికేషన్లూ ఆపేయండి.

మదనపల్లె కుర్రోడు:
అక్కా, నేను కేఆర్ పురంలో ఫోన్ల షాపులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నా. డబ్బా విప్పగానే ఫోన్ నా చేతికిచ్చి "నువ్వే చేసెయ్ నాయనా" అంటారు. భాష, వైఫై, జీమెయిల్... నా బొటనవేలు 'నెక్స్ట్' మీదే ఉంటుంది. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు మరి. బ్రౌజరే కాదు, నెట్‌లో వెతికిపెట్టే సెర్చ్ ఇంజిన్ సంగతీ ఇంతే. 2022 అక్టోబరులో, కంపెనీలు పోటీని తొక్కెయ్యకుండా చూసే మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, ఫోన్ మొదలుపెట్టేటప్పుడే సెర్చ్ ఇంజిన్ ఎంచుకోనివ్వాలంది. మంచి పనే. కానీ మా కౌంటర్ దగ్గర ఎంచుకునేది కొన్నవాళ్ళు కాదు, నేను. నేనూ అందరికీ తెలిసిన పేరే నొక్కుతా, లేకపోతే మర్నాడు "గూగుల్ ఏదీ?" అని వెనక్కొస్తారు. ఈమధ్య పెద్దవాళ్ళొస్తే కూర్చోబెట్టి, ఒక్కొక్కటీ చదివి వినిపిస్తున్నా. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఓనర్ గొణుగుతాడు, అయినా మానను.

శిరీష:
మార్చుకోవడం అంత తేలికైతే, ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చే డిఫాల్ట్‌గా ఉండడానికి గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు ఎందుకు కట్టిందో మీ తమ్ముణ్ణి అడగండి. అమెరికా కోర్టులో బయటికొచ్చిన లెక్క ఇది. 2022లో ఒక్క ఆపిల్‌కే 2,000 కోట్ల డాలర్లు ముట్టాయి. గూగుల్ సెర్చ్‌లో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తీర్పిచ్చారు. కొత్తగా వచ్చేవాళ్ళు ఎంత మంచి సెర్చ్ తయారుచేసినా అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు? జనం వాడకపోతే, ఎవరు ఏం వెతుకుతున్నారో వాళ్ళకి తెలిసే దారి ఉండదు. తెలియకపోతే సెర్చ్ బాగుపడదు. నాకు బాధ కలిగించేది అదే.

కడపమ్మాయి, మారతహళ్ళి:
నిన్న రాత్రి అమ్మ చేతే మార్పించాను. మొదటిసారి నేను చెప్పాను, రెండోసారి తనే నాకు చెప్పింది. సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్ అని తెలుగులో చీటీ రాసుకుని ఫోన్ కవర్లో పెట్టుకుంది.