ఉచిత భోజనం పంచేచోట ఆధారం అడగాలా, వద్దా?

లెక్కలమాస్టారు:
మేం కొందరం చందాలు వేసుకుని సాయంత్రం పూట భోజనం పంచుతున్నాం. ఈ మధ్య బైక్ మీద వచ్చి, ఫోన్ మాట్లాడుకుంటూ పొట్లం తీసుకుని పోయేవాళ్లు కనిపిస్తున్నారు. వచ్చేవాళ్ల దగ్గర ఆదాయానికి సంబంధించి ఏదో ఒక కాగితం చూడాలని సమావేశంలో అన్నాను. అందరూ నన్ను రాక్షసుణ్ని చూసినట్టు చూశారు. అడగడం తప్పా?

సగటుమనిషి:
తప్పు కాదు. అడగండి.

వేపచెట్టు:
కాగితం అడిగితే ముందు రావడం మానేసేది మోసగాడు కాదు, మొహమాటస్తుడు. మోసగాడు ఏ కాగితమైనా పుట్టిస్తాడు. ఆకలంటే రోజుల తరబడి తిండి లేకపోవడమొక్కటే కాదండీ. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీన్ని కొలవడానికి 8 ప్రశ్నలు అడుగుతుంది. ‘తిండి చాలదేమోనని దిగులు పడ్డారా’ అన్నది మొదటిది. ‘ఒక రోజంతా తినకుండా గడిపారా’ అన్నది చివరిది. బైక్ ఉన్న మనిషి ఈ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2024లో ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్లు సుమారు 67 కోట్లని వాళ్ల అంచనా. తిండికి భరోసా లేనివాళ్లు మాత్రం దాదాపు 230 కోట్లు. తేడా చూశారుగా? చూడగానే పేదవాళ్లని చెప్పలేనివాళ్లు ఇందులో ఎందరో.

లెక్కలమాస్టారు:
ప్రపంచం సంగతి తర్వాత. పెట్రోల్‌కి డబ్బున్నవాడికి తిండికి ఎందుకు లేదు? దానికి జవాబు చెప్పండి.

సగటుమనిషి:
బైక్ లేకపోతే పని ఉండదేమో. డెలివరీ చేస్తాడేమో. ఈఎంఐ ఉందేమో.

లెక్కలమాస్టారు:
డెలివరీ సంచి లేదు. నేను చూశాను.

సగటుమనిషి:
సంచి కూడా చూశారా 😀

వంటింటి_వాలంటీర్:
వండేచోట పనిచేసేదాన్ని, నాదీ ఒక మాట వినండి. కాగితాలు చూడటానికి ఇద్దరిని కూర్చోబెడితే వడ్డించేదెవరు? వేడి భోజనాన్ని 60 డిగ్రీల పైన ఉంచాలి. అంతకంటే చల్లారాక రెండు గంటలకు మించి బయట ఉంచితే పంచడం మంచిది కాదు. లైను నెమ్మదిస్తే మీ చందా డబ్బే చెత్తబుట్టలోకి పోతుంది. ఇంకొకటి. నెల మొదట్లో మాకు భోజనాలు మిగులుతాయి, నెలాఖరులో చాలవు. ఊరికే వస్తుందని ఎగబడేవాళ్లయితే మొదటి వారంలో కూడా రావాలి కదా? జీతం చేతిలో ఉన్నన్నాళ్లు జనం వాళ్ల ఇళ్లలోనే తింటున్నారు.

రాత్రిషిఫ్ట్:
అసలు వండటమే అనవసరం. నేరుగా డబ్బు ఇచ్చేయండి. 1943 బెంగాల్ కరువు మీద అమర్త్య సేన్ తేల్చింది ఇదే. తిండిగింజలు మరీ లేక కాదు, కొనే శక్తి లేక జనం చచ్చిపోయారు.

లెక్కలమాస్టారు:
డబ్బు ఇస్తే తాగేస్తారు.

రాత్రిషిఫ్ట్:
అందరూ అనే మాటే. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పలు దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, నగదు ఇచ్చినందువల్ల మందు, సిగరెట్ల ఖర్చు పెరిగిన దాఖలా దాదాపు కనిపించలేదు.

వంటింటి_వాలంటీర్:
డబ్బు సరే. మంచం దిగలేని ముసలాయనకి ఆ డబ్బుతో ఎవరు వండిపెడతారు? పొయ్యే లేనివాళ్ల సంగతేంటి?

లెక్కలమాస్టారు:
మాట మారుస్తున్నారు. నేను అడిగింది ఆధారం గురించి. ఒకరి డబ్బుతో దయ చూపించడం మీ అందరికీ తేలిక. చందా కట్టేది నేను. నా డబ్బు ఎవరి కడుపులోకి పోతోందో తెలుసుకునే హక్కు నాకు లేదా?

వేపచెట్టు:
ఇప్పటికి బయటపడ్డారు! మా నాన్న పని పోయిన రోజుల్లో అమ్మ ఒకచోట సరుకుల కోసం నిలబడింది. టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఆమె చెవుల వంక చూసి ‘ఆ కమ్మలు అమ్ముకోవచ్చుగా’ అన్నాడు. లైన్లో అందరూ విన్నారు. అమ్మ మళ్లీ అటు వెళ్లలేదు. ఆ నెల మేం ఏం తిన్నామో మీ రిజిస్టర్లలో ఉండదు. మీరు కావాలంటున్నది ఆ టేబులే.

లెక్కలమాస్టారు:
కష్టాలు మీకొక్కరికే ఉన్నట్టు మాట్లాడకండి. చదువుకునే రోజుల్లో నీళ్లు తాగి పడుకున్న రాత్రులు నాకూ ఉన్నాయి. ఒక్కడూ పెట్టలేదు. నేనెవరినీ అడగలేదు కూడా. అలా పైకొచ్చినవాణ్ని నేను.

రాత్రిషిఫ్ట్:
మీకు ఎవరూ పెట్టలేదు కాబట్టి ఇప్పుడు వీళ్లని నిలదీయాలా సార్?

మోడరేటర్:
వ్యక్తిగత విమర్శలు వద్దు. ఇంకో ఫిర్యాదు వస్తే ఈ చర్చ మూసేస్తాను.

వేపచెట్టు:
సరే, సూటిగానే చెప్తాను. మీ దృష్టిలో ఇది దానం, అందుకే తీసుకునేవాడు యోగ్యుడని రుజువు చేసుకోవాలంటున్నారు. నా దృష్టిలో ఇది హక్కు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణలోనే తిండి ఉంది. ఇక్కడ తేలకుండా బైక్ గురించి ఎంత వాదించుకున్నా తెగదు.

లెక్కలమాస్టారు:
హక్కు అయితే ప్రభుత్వాన్ని అడగండి. పన్ను కడుతూనే ఉన్నాను. పైన చందా ఎందుకు కట్టాలి? దానం కాబట్టే కడుతున్నాను. దానమైతే నా మాటకు విలువ ఉండాలి. రెండూ మీకే కావాలంటే ఎలా?

వేపచెట్టు:
ప్రభుత్వాన్ని అడగాలన్నది నిజమే. మనం ఇలా పంచుతూ పోతే వాళ్లు చేతులు దులుపుకుంటారన్న భయం నాకూ ఉంది.

వంటింటి_వాలంటీర్:
అయితే రేపటి నుంచి పొయ్యి ఆర్పేయమంటారా? ఒకరు కాగితం తెమ్మంటారు, ఇంకొకరు ప్రభుత్వం దగ్గరికి పొమ్మంటారు. ఆరున్నరకల్లా లైను కడతారు, వాళ్లకి ఏం చెప్పను?

లెక్కలమాస్టారు:
ఆపమని నేను అనలేదు. ఈ నెల చందా కడతాను. సమావేశంలో మళ్లీ ఇదే అడుగుతాను.

వంటింటి_వాలంటీర్:
అడగండి. ప్రస్తుతం గిన్నెలు తోమడానికి మనుషులు లేరు. ఆదివారం ఎవరైనా వస్తారా?

సగటుమనిషి:
ఆదివారం కుదరదండీ. శనివారం అయితే చూస్తా.